ఉల్లాస లవణం

మా మండలిలో పనిచేసే వారెవ్వరూ ఇకమీదట దిగులుగా ఉండరాదని సర్క్యులరు వచ్చిన నాడు జోరున వాన కురుస్తోంది. అంతకుముందు వారం ఈదురుగాలికి మా స్కూటర్ల షెడ్డు పైకప్పు లేచిపోయి పక్కనున్న చేపల శాఖ ఆవరణలో పడింది. అది మీదేనని రుజువు చూపించమని వాళ్లు, ముందు ఇచ్చేస్తే ఆనక చూపిస్తామని మేము ఉత్తరాలు రాసుకుంటున్నాం. స్కూటర్లు తడుస్తున్నాయి. అలాంటప్పుడు ఆ సర్క్యులరు వచ్చింది. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ఉన్నాను కాబట్టి అందరిచేతా సంతకాలు పెట్టించే పని నాది. అందరూ దిగులుగానే సంతకాలు పెట్టారు.

మాది తీరప్రాంత ఉప్పు వికాస మండలి. కాకినాడకు బస్సులో గంట ప్రయాణం. ఉప్పు పండించేది కొటారుల్లో రైతులు, మోసేది కూలీలు, కొనేది వర్తకులు. వికాసం మాత్రం మాది.

మా డైరెక్టరు చెన్నాప్రగడ భావనారాయణ గారు మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. కాకపోతే గోడకు సున్నం వేయించినా దేశం కోసం వేయిస్తున్నట్టు వేయిస్తారు. ఆయన ఆ నెలలోనే ఏదో కొండ మీద చల్లని ఊళ్లో జరిగిన ‘ఉద్యోగి మానసిక స్వస్థత’ అనే సదస్సుకు వెళ్లొచ్చారు. వస్తూనే అందరినీ మీటింగు హాల్లోకి పిలిచారు.

“మనిషి దుఃఖానికి మూలమేమిటి?” అని అడిగారు.

పెండింగులో ఉన్న కరువు భత్యం గురించి ఎవరైనా అనేస్తారేమోనని సూపరింటెండెంట్లు మా వంక హెచ్చరికగా చూశారు.

“మెగ్నీషియం లోపం!” అన్నారు డైరెక్టరు గారే. “సదస్సులో ఒక మహానుభావుడు తేల్చి చెప్పాడు. మరి మెగ్నీషియం ఎక్కడుంది? మన ఉప్పు మడుల్లో ఉంది. ఉప్పు తీశాక మిగిలే చేదునీళ్లలో ఉంది. దాన్ని మనం ఏం చేస్తున్నాం? గండి కొట్టి సముద్రంలో వదిలేస్తున్నాం. అనగా మిత్రులారా, ఈ మండలి స్థాపించిన నాటి నుంచీ మనం ఆనందాన్ని పారబోస్తున్నాం!”

ఆ చేదునీళ్లు మాకు తెలియనివి కావు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ముఖమంతా ముడుచుకుపోతుంది. వాటిని ఎందుకు వృథా చేస్తున్నారని ఆడిట్ వాళ్లు ఏటా అడుగుతున్నారు, మేము ఏటా ‘పరిశీలనలో ఉన్నది’ అని రాస్తున్నాం. ఇప్పుడు ఆడిట్‌కు జవాబు, సిబ్బందికి ఆనందం ఒకే మడిలో దొరికాయి.

బాధ్యత డాక్టర్ పసుమర్తి శ్రీకంఠం గారికి అప్పగించారు. ఆయన డాక్టరే కానీ వైద్యుడు కాదు. వానాకాలంలో ఉప్పు గడ్డకట్టకుండా ఉంచడమెలా అన్న విషయం మీద పట్టా పుచ్చుకున్నారు. ఆయన ఆ నీళ్లు కాచి, ఎండబెట్టి, దంచి తెల్లటి పొడి తయారుచేశారు. దానికి ‘ఉల్లాస లవణం’ అని డైరెక్టరు గారు పేరు పెట్టారు. రోజూ పొద్దున ప్రార్థన అయిన వెంటనే సిబ్బంది అందరూ గ్లాసు నీళ్లలో ఒక చెంచా కలుపుకుని తాగాలి.

అయితే శ్రీకంఠం గారికి ఒక చిక్కు వచ్చింది. దిగులు తగ్గిందని చూపించాలంటే ముందు దిగులు ఉండాలి కదా. ‘మీరు దిగులుగా ఉన్నారా?’ అని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగారు. ఔనంటే ఇంక్రిమెంటు ఆగిపోతుందేమోనని అందరూ లేదనే చెప్పారు. మా అకౌంటెంటు గారైతే కళ్లు తుడుచుకుంటూ మరీ లేదన్నారు.

సరిగ్గా అప్పుడే వాసంశెట్టి చక్రధరం గారి సెలవు దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది.

చక్రధరం గారు స్టాకు సెక్షనులో సీనియర్ అసిస్టెంటు. నా పక్క బల్లే. మండలి ఆటల పోటీల్లో కబడ్డీకి మైకులో వ్యాఖ్యానం ఆయనే చెప్పేవారు. ఆడేవాళ్ల కంటే ఆయనకే ఎక్కువ చెమటలు పట్టేవి. అలాంటి మనిషి వేసవి నుంచి మాట తగ్గించేశారు. ఎదురుగా ఫైలు పెట్టుకుని మొదటి పేజీ దగ్గరే గంటల తరబడి కూర్చునేవారు. ఇంట్లో గొడవల్లేవు. కూతురు చక్కగా చదువుకుంటోంది. భార్య నాగరత్నం గారు బజారు వీధిలో టైలరింగు షాపు నడుపుతుంది, అదీ బాగానే సాగుతోంది.

“ఏమైందండీ?” అని ఒకసారి అడిగాను.

“ఏమీ అవలేదు తాయారు గారండి. అదే నాకూ అర్థం కావట్లేదు,” అన్నారు. “పొద్దున్న లేస్తే కాళ్లు కింద పెట్టబుద్ధి కాదండి. పళ్లు తోముకోవడం కూడా ఏదో కొండెక్కినట్టుంటదండి.”

నాగరత్నం గారు ఆయన్ని కాకినాడలో మానసిక వైద్యురాలికి చూపించింది. ఇది డిప్రెషన్ అనే జబ్బని, మందులు వాడాలని, వారం వారం వచ్చి తనతో మాట్లాడాలని, ఆరు వారాలు పనికి దూరంగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ చీటీ జతచేసి సెలవు అడిగారు చక్రధరం గారు. కాగితం లోపలికి వెళ్లిన పావుగంటకు డైరెక్టరు గారు నన్ను పిలిచారు. పక్కన శ్రీకంఠం గారు కూర్చుని ఉన్నారు.

“మంగతాయారు గారూ, ఈ చక్రధరం నిజంగానే దిగులుగా ఉన్నారా?”

“ఔనండి. డాక్టరు గారు రాసిచ్చారు కదండీ.”

“ఎంత అదృష్టం!” అన్నారు డైరెక్టరు గారు. కుర్చీలోంచి సగం లేచారు కూడా. “శ్రీకంఠం గారూ, మనకొకరున్నారు!”

సాయంత్రానికి జవాబు తయారైంది. టైపు చేసింది నేనే. ‘సదరు ఉద్యోగి వారి దిగులు మండలి ప్రయోజనముల దృష్ట్యా మిక్కిలి ఆవశ్యకమైనందున, వారికి సెలవు మంజూరు చేయుట సాధ్యపడదని తెలియజేయడమైనది.’

మర్నాడు శ్రీకంఠం గారు స్వయంగా చక్రధరం గారి బల్ల దగ్గరికి వచ్చారు. “చూడండీ, మీరు ఆ బిళ్లలూ వేసుకుని, మా లవణమూ తాగితే ఏది పనిచేసిందో మాకెలా తెలుస్తుంది? శాస్త్రం ఒప్పుకోదు. బిళ్లలు ఆపెయ్యండి.”

“సరేనండి,” అన్నారు చక్రధరం గారు.

కాదనడానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆ ఓపికే ఆయన దగ్గర లేకుండా పోయింది.

లవణ సేవనం ఒక సోమవారం మొదలైంది. డైరెక్టరు గారు ముందుగా తాగి, కళ్లు మూసుకుని, కాసేపటికి తెరిచి “ఆహా” అన్నారు. తర్వాత వరుసగా అందరం తాగాం. ఆ పొడిలో ఉన్నది సగం భేది ఉప్పేనని శ్రీకంఠం గారికి తట్టలేదు. మాకు మాత్రం పన్నెండు కాకముందే తట్టింది.

మా ఆఫీసుకు మూడు అంతస్తులున్నాయి, పనిచేసే మరుగుదొడ్లు రెండున్నాయి. మూడోదాని తాళంచెవి ఎప్పుడో బదిలీ అయిపోయిన సూపరింటెండెంటు గారితో పాటు శ్రీకాకుళం వెళ్లిపోయింది. ఆ వేళ మధ్యాహ్నం దాకా ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. ఫైళ్లు పట్టుకుని మెట్లెక్కేవాళ్లు, ఫైళ్లు వదిలేసి మెట్లు దిగేవాళ్లు. బిల్లుల కోసం వచ్చిన ఉప్పు వర్తకులు ఆ హడావుడి చూసి ఏదో దాడి జరుగుతోందనుకుని వెళ్లిపోయారు.

డైరెక్టరు గారు వరండాలో నిలబడి ఇదంతా తృప్తిగా చూశారు. ఆయనకు గదికి ఆనుకునే సొంత బాత్రూము ఉంది.

“గమనించారా శ్రీకంఠం గారూ? ఇన్నేళ్లలో మన సిబ్బందిలో ఇంత చురుకుదనం ఎన్నడైనా చూశామా?”

“దిగులు విసర్జింపబడుచున్నది సార్,” అన్నారు శ్రీకంఠం గారు. ఆ మాట నచ్చి డైరెక్టరు గారు దాన్ని నోట్‌లో రాయించారు.

ఇక ఆనందం ఎంత పెరిగిందో కొలవాలి. ఉప్పు రవ్వల పరిమాణం కొలవడానికి మా లేబొరేటరీలో కాలిపర్స్ అనే ఇనుప పనిముట్టు ఒకటుంది, రెండు కొమ్ముల మధ్య వస్తువు పెడితే ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. శ్రీకంఠం గారు దాన్ని తుడిచి మనుషులకు వాడారు. ముందు ఊరికే ఉన్నప్పుడు ఈ పెదవి చివర నుంచి ఆ పెదవి చివర దాకా కొలుస్తారు. తర్వాత “నవ్వండి” అని మళ్లీ కొలుస్తారు. రెంటికీ తేడా ఎంతో అది ఆ ఉద్యోగి ఉల్లాసం. కాలిపర్స్‌కు ఉప్పు అంటుకుని ఉండేది కాబట్టి నవ్వినవాడి పెదవులు మండేవి.

చక్రధరం గారి వంతు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

“నవ్వండి,” అన్నారు శ్రీకంఠం గారు.

ఆయన ప్రయత్నించారు. చెప్పిన పని చేయడానికి మనిషి ఎంత కష్టపడతాడో అంతా కష్టపడ్డారు. బుగ్గ ఒకటి కొంచెం కదిలింది, ఆగిపోయింది.

“సున్నా,” అని రాసుకున్నారు శ్రీకంఠం గారు. “మంచిది. ఇక్కణ్ణుంచి పెరగడమే.”

ఇలా రెండు వారాలు గడిచాయి. అప్పుడు మా జాయింటు డైరెక్టరు తాళ్లూరి రాజ్యలక్ష్మి గారు రంగంలోకి దిగారు. ఆవిడ ఇంతకుముందే డైరెక్టరు కావలసిన మనిషి. మొదటి రోజు నుంచీ లవణం ముట్టలేదు, ప్రార్థన అయ్యే సమయానికి ఎప్పుడూ ఫోనులో ఉండేవారు. శ్రీకంఠం గారి కొలతలన్నీ తెప్పించుకుని చూస్తే, లవణం మొదలెట్టాక ఆఫీసు మొత్తం మీద నవ్వు సగానికి పడిపోయిందని తేలింది. పడిపోదా మరి? రోజుకు ఆరేడుసార్లు మెట్లెక్కి దిగే మనిషి ఎక్కణ్ణుంచి నవ్వు తెస్తాడు?

‘లవణ సేవనము దిగులును తగ్గించకపోగా ఇనుమడింపజేయుచున్నది. తక్షణ నిలుపుదల అవసరం’ అని ఆవిడ పైకి రాశారు. డైరెక్టరు గారు ‘నవ్వు తగ్గుట గాంభీర్యము పెరుగుటకు చిహ్నము. గాంభీర్యము ఉల్లాసమునకు పరిపక్వ దశ’ అని ఆ పైకి రాశారు.

నిజంగా జబ్బుపడ్డ మనిషి మీద ఎలా పనిచేసిందో చూసి తేల్చమని పైవాళ్లు ఇద్దరికీ జవాబు పంపారు. దాంతో చక్రధరం గారు ఇద్దరికీ కావలసినవారైపోయారు.

పొద్దున డైరెక్టరు గారి తరపున శ్రీకంఠం గారు వచ్చి కొలిచేవారు. సాయంత్రం రాజ్యలక్ష్మి గారి తరపున ఆవిడ స్టెనో వచ్చి వేరేగా కొన్న కాలిపర్స్‌తో కొలిచేవాడు. రెండుసార్లూ సున్నాయే వచ్చేది. ‘సున్నా. స్థిరముగా ఉన్నారు, క్షీణత లేదు’ అని పొద్దుటి నోటు. ‘సున్నా. ఏమాత్రము కోలుకొనలేదు, ఆందోళనకరము’ అని సాయంత్రం నోటు.

ఆఫీసు కూడా రెండుగా చీలింది. డైరెక్టరు గారి గదిలోకి వెళ్లేవాళ్లు పళ్లన్నీ కనిపించేలా వెళ్లేవాళ్లు. జాయింటు డైరెక్టరు గారి గదిలోకి వెళ్లేవాళ్లు గుమ్మంలో నిట్టూర్చి వెళ్లేవాళ్లు. రెండు గదుల మధ్యనున్న నడవాలో ఏ ముఖం పెట్టాలో తెలియక మా అకౌంటెంటు గారు ఫైలు అడ్డం పెట్టుకుని నడిచేవారు.

ఇంత హడావుడిలో చక్రధరం గారు రోజురోజుకూ తగ్గిపోతున్నారని ఎవరూ చూడలేదు. చూడలేదంటే అబద్ధం. రోజుకు రెండుసార్లు కొలుస్తూనే ఉన్నారు. బిళ్లలు ఆగిపోయాక ఆయనకు నిద్ర కరువైంది. షర్టు గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకునొచ్చేవారు. మధ్యాహ్నం కారేజీ మూత కూడా తీసేవారు కాదు. “ఇంట్లో చెప్పనా?” అంటే, “ఒద్దండి. దానికి నా మూలాన ఇప్పటికే చాలా ఇదైపోయిందండి. నేను లేకపోతే హాయిగా ఉంటది,” అన్నారు. ఆ మాట అనడంలో ఏడుపు లేదు, కోపం లేదు. స్టాకు లెక్క చెప్పినట్టు చెప్పారు. ఆయన ఒద్దన్నా ఆ క్షణమే నాగరత్నం గారి షాపుకు ఫోను చేశాను.

ఆవిడ ఆటో ఎక్కి వచ్చేసరికే ఆయన బల్ల దగ్గర లేరు. ఇద్దరం వెతుక్కుంటూ ఆఫీసు వెనకాల మడుల వైపు నడిచాం. వానలకు మడులన్నీ మునిగి ఉన్నాయి. చాలా దూరాన ఒక గట్టు మీద కూర్చుని కనిపించారు. చెప్పులు పక్కన విప్పి పెట్టి ఉన్నాయి. నాగరత్నం గారు పరిగెత్తింది. దగ్గరికెళ్లాక మాత్రం ఏమీ అడగలేదు, తిట్టలేదు, బురదలోనే ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“బిళ్లలు ఏసుకుంటున్నారా?” అంది చాలాసేపటికి.

“ఆపమన్నారు.”

“ఎవరు?”

ఆయన ఆఫీసు వైపు చూపించారు.

ఆవిడ ఆయన్ని లేవదీసి, చెప్పులు తొడిగించి, తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి తీసుకొచ్చింది. చీర అంచు నుంచి బురద నీళ్లు కారుతున్నాయి. గదిలో శ్రీకంఠం గారు, రాజ్యలక్ష్మి గారు కూడా ఉన్నారు. మంత్రిగారు వస్తున్నారని ఏదో మీటింగు జరుగుతోంది.

“మా ఆయన బిళ్లలు ఆపమన్నది ఎవరండీ?” అంది నాగరత్నం గారు.

“అమ్మా, కూర్చోండి,” అన్నారు డైరెక్టరు గారు. “ఇది శాస్త్రీయ ప్రయోగం. మీ వారు ఈ మండలికే కాదు, మానవాళికే—”

“మీరు బీపీ బిళ్ల ఏసుకుంటారా అండీ?”

“వేసుకుంటాను. దానికీ దీనికీ—”

“రేపట్నుంచి ఆపెయ్యండి. మీ ఉప్పే తాగండి. శాస్త్రం కోసమేగా.”

“నేను ప్రయోగ పరిధిలోకి రానమ్మా,” అన్నారు డైరెక్టరు గారు కొంచెం కంగారుగా.

“మా ఆయనా రాడండి. డాక్టరమ్మని నేనడిగానండి మీ పొడి సంగతి. ఒంట్లో మెగ్నీషియం తక్కువైనోళ్లకి కొంచెం మేలు చేస్తదేమో, ఇంకా తేలలేదు, మందుకి బదులు మాత్రం కాదు, అందులోనూ మడిలో నీళ్లు కాచి తాగమని ఎవరు చెప్పారు అని ఆవిడే నన్ను తిట్టిందండి. ఈయన ఇంతసేపూ ఆ గట్టు మీద కూర్చున్నాడండి చెప్పులిప్పుకుని. రేపు ఆ చెప్పులొక్కటే దొరికితే మీ కాగితాల్లో ఏమని రాసుకుంటారండీ? తగ్గిందనా, పెరిగిందనా?”

డైరెక్టరు గారు చక్రధరం గారి వంక చూశారు. అన్ని రోజుల్లో ఆయన ముఖం వైపు కొలతతో పని లేకుండా చూడడం అదే మొదటిసారనుకుంటాను. నేను ముందే చెప్పాను, మంచి మనిషని. ఆ ఒక్క నిమిషం అది కనబడింది. ఆ తర్వాత మళ్లీ డైరెక్టరు అయిపోయారు.

“మంత్రిగారు మనల్ని ‘దిగులు రహిత మండలి’గా ప్రకటించబోతున్న తరుణంలో వీరు ఇక్కడ ఉండడం అంత ఉచితం కాదేమో,” అన్నారు.

“సెలవిస్తే పరిస్థితి విషమించిందని మనమే ఒప్పుకున్నట్టు,” అన్నారు రాజ్యలక్ష్మి గారు. అని, ఒక్క క్షణం ఆలోచించి, “ఇచ్చేద్దాం,” అన్నారు.

ఆ సాయంత్రమే సెలవు మంజూరైంది. ‘లవణ ప్రభావమున కోలుకొనినందున విశ్రాంతికై’ అని డైరెక్టరు గారు, ‘లవణ ప్రభావమున క్షీణించినందున విశ్రాంతికై’ అని జాయింటు డైరెక్టరు గారు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. నాగరత్నం గారు ఆ కాగితం చదవలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుని, ఆయన్ని ఆటో ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఇక ఆఫీసులో దిగులుగా ఉన్నవారు అధికారికంగా ఎవరూ లేరు. మంత్రిగారి సభ ఘనంగా ఏర్పాటైంది. షామియానా వేశారు. ‘దిగులు రహిత మండలికి స్వాగతం’ అని బ్యానరు కట్టారు, గాలికి అది నడుమ చిరిగి ‘దిగులు’ ఒకవైపు, ‘రహిత’ ఇంకోవైపు ఎగరసాగాయి. మండలి తరపున లవణ తీర్థం మంత్రిగారు స్వహస్తాలతో స్వీకరిస్తారని కార్యక్రమంలో వేశారు. మంత్రిగారు ఒక గ్లాసు తాగారు. ఫొటో సరిగ్గా రాలేదని పత్రికల వాళ్లు మళ్లీ తాగమన్నారు. గ్లాసు ముఖానికి అడ్డం వచ్చిందని ఇంకోసారి తాగమన్నారు. ఆయన ఓర్పుగా మూడు గ్లాసులూ తాగి మైకు అందుకున్నారు.

“సోదరీ సోదరులారా! ఈ ఉప్పు తాగిన మరుక్షణమే నాలో ఒక కదలిక మొదలైంది,” అన్నారు.

అందరం చప్పట్లు కొట్టాం. మాకు తెలుసు.

“ఈ కదలిక రాష్ట్రమంతటా రావాలి. ప్రతి గడపకూ…” అంటూ ఆగారు. ముఖం మీద చెమట పట్టింది. “ప్రతి గడపకూ…” అని మళ్లీ అన్నారు. మైకు పీఏ చేతిలో పెట్టి వేదిక దిగారు. నడిచారు. ఆ తర్వాత పరిగెత్తారు. భద్రతా సిబ్బంది ఏమైందో తెలియక తుపాకులు పట్టుకుని ఆయన వెనకాలే పరిగెత్తారు. కింది మరుగుదొడ్డి ముందు మా అకౌంటెంటు గారు అప్పటికే వరుసలో ఉన్నారు. మంత్రిగారికి దారి ఇవ్వడమా, మానడమా అన్న సంకటం పగవాడికి కూడా రాకూడదు. ఆయన ఇచ్చారు. ఆ త్యాగం గురించి ఏ పత్రికా రాయలేదు.

పది రోజుల తర్వాత ప్రభుత్వం ఏకసభ్య విచారణ సంఘాన్ని వేసింది. లవణం దిగులు తగ్గిస్తుందా, పెంచుతుందా తేల్చాలి. నివేదికను ప్రభుత్వం ఆమోదించేదాకా లవణ సేవనం నిలిపివేయాలని, సిబ్బంది అందరూ మానసికంగా యథాస్థితిని పాటించాలని ఉత్తర్వు వచ్చింది. అంటే, ఆ తేదీ నాటికి ఎవరు ఎంత దిగులుగా ఉన్నారో అంతే దిగులుగా ఉండాలి. పెరగకూడదు, తగ్గకూడదు. ఆ ఉత్తర్వు మీద కూడా అందరిచేతా సంతకాలు నేనే పెట్టించాను.

విచారణ సంఘం వారు పండు ముసలాయన. వినికిడి తక్కువ. రెండు పక్షాల వాదనలూ సమానమైన శ్రద్ధతో విని, సమానంగా వినిపించుకోక, రెండు నెలలకు నివేదిక ఇచ్చారు. దాన్ని చదివి వినిపించడానికి అందరినీ మీటింగు హాల్లోకి పిలిచారు.

చక్రధరం గారు అంతకు కొద్దిరోజుల ముందే డ్యూటీలో చేరారు. ఆరు వారాలు చాలక ఇంకొన్ని పొడిగించుకున్నారు. మనిషి చిక్కిపోయి ఉన్నారు. “ఎలా ఉందండీ?” అంటే, “సగమేనండి ఇంకా. మందు పనిచెయ్యడానికి టైమ్ పడతదన్నారండి. కొన్ని పొద్దుళ్లు బానే ఉంటాయండి, కొన్ని ఉండవు,” అన్నారు. గుండీలు మాత్రం వరుసగా పెట్టుకున్నారు. హాల్లో నా పక్కనే కూర్చున్నారు.

శ్రీకంఠం గారు లేచి నివేదిక చదివారు. “‘లవణము దిగులును తగ్గించుననుటకు ఆధారములు లేవు. పెంచుననుటకును ఆధారములు లేవు. కావున ఉభయ పక్షముల వాదనలును సమానముగా సమంజసములు. ఉభయుల గౌరవమును కాపాడుటకై, సదరు లవణము మధ్యాహ్నము ఒంటిగంట వరకు దిగులును తగ్గించునదిగాను, ఒంటిగంట పిమ్మట పెంచునదిగాను పరిగణింపబడవలెను. భోజన విరామమున ఎట్టి ప్రభావమును ఉండరాదు.’”

డైరెక్టరు గారు గంభీరంగా తల ఊపారు. జాయింటు డైరెక్టరు గారు అంతకంటే గంభీరంగా ఊపారు. అంతలో నా పక్కనుంచి ఏదో చప్పుడైంది. దగ్గనుకున్నాను. కాదు, చక్రధరం గారు నవ్వుతున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఆగలేదు. భుజాలు ఊగుతున్నాయి. “భోజన విరామమునండి…” అని నాతో ఏదో చెప్పబోయి చెప్పలేక కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. హాలంతా ఇటే చూసింది. వెనక వరుసలో ఇంకెవరో మొదలెట్టారు. ఆ తర్వాత నేనూ ఆగలేకపోయాను.

సాయంత్రం నాలుగింటికి ఆయనకు మెమో వచ్చింది. ‘యథాస్థితి ఉత్తర్వు అమలులో ఉండగా, లవణ సేవనము లేకుండా, ముందస్తు అనుమతి పొందకుండా, అధికారుల సమక్షమున మీరు నవ్వియున్నారు. సదరు ఆనందము మీకు ఏ ఆధారమున కలిగినదో మూడు రోజులలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.’ దాని కింద డైరెక్టరు గారూ, జాయింటు డైరెక్టరు గారూ ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఈసారి కారణం కూడా ఒకటే.

ఆయన మూడు రోజులు తీసుకోలేదు. తెల్ల కాగితం తీసి అక్కడికక్కడే రాసి నాకిచ్చారు. ‘నాకు జబ్బు చేసింది. వైద్యం చేయించుకుంటున్నాను. తగ్గుతోంది.’

ఆ జవాబు మా మండలిని ఇబ్బందిలో పడేసింది. అందులో ఖండించడానికి ఏమీ లేదు. ఏ నిబంధన కిందికీ రాదు. డైరెక్టరు గారు ‘చర్చించండి’ అని రాసి జాయింటు డైరెక్టరు గారికి పంపారు. ఆవిడ ‘చర్చించడమైనది, అర్థం కాలేదు’ అని రాసి శ్రీకంఠం గారికి పంపారు. ఆయన రెండు వారాలు దగ్గర పెట్టుకుని, ఇది తన శాస్త్ర పరిధిలోకి రాదని తిప్పి పంపారు. ఇప్పటికీ అది ఏదో ఒక బల్ల మీద తిరుగుతూనే ఉంది.

రాసిచ్చిన మర్నాడు మధ్యాహ్నం చక్రధరం గారు కారేజీ విప్పి పైగిన్నె ఖాళీ చేశారు. కిందిగిన్నె కూడా ఖాళీ చేశారు. చెయ్యి కడుక్కోకుండా కాసేపు నా డబ్బా వైపు చూసి, మొహమాటంగా అన్నారు.

“తాయారు గారండి, మీ దగ్గర ఇంకొంచెం అన్నం ఏమన్నా మిగిలిందాండి? మాగాయ ఉంది, ఒట్టి మాగాయ తినలేను కదండి.”

నేను డబ్బా ఆయన వైపు జరిపాను.